అదే మందు, వేరే రాయి

ఈమధ్య నాకు చెవులు సరిగా పనిచేయడం లేదు. పిట్టల అరుపులు, సైకిలు బెల్లు, మనవరాలి గుసగుసలు వినిపించడం ఎప్పుడో మానేశాయి. కర్నూలులో చెవుల డాక్టరుకు చూపించుకుంటే, ఇది ముసలితనం వల్ల వచ్చింది కాదని, వయసులో ఉన్నప్పుడు ఎక్కించుకున్న మందు వల్ల వచ్చిందని చెప్పాడు. ఆ పాత జబ్బు సంగతి క్యాన్సర్ డాక్టరమ్మకు కూడా ఒకసారి చెప్పి పొమ్మని పక్క గదికి పంపించాడు.

ఆ అమ్మాయి చిన్నదే గాని ఓపిక చాలా ఉంది. నా కథంతా విన్నది. నాతోపాటు అదే మందు, అదే వార్డులో ఎక్కించుకొని, నేను బతికితే తాను బతకని ఆళ్లగడ్డ మనిషి కథ కూడా విన్నది. ఆయన గడ్డ ఎక్కడ పుట్టిందని అడిగింది. ఛాతీ నడుమ అన్నాను. "అదీ సంగతి" అని, కాగితం మీద ఒక మనిషి బొమ్మ గీసి నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది.

మనం తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు, రేపు బిడ్డలను కనాల్సిన బీజకణాలు ఒంటి నడుమ గీత వెంబడి నడిచి తమ చోటికి చేరుకుంటాయట. ఒకటీ అరా దారిలోనే నిలిచిపోతాయి. నాకు గడ్డ పుట్టింది గమ్యం చేరిన కణంలో. ఆయనకు పుట్టింది దారిలో నిలిచిన కణంలో. ఇక మందు సంగతి. ప్లాటినం మందు కణం లోపలి రాతను చెడగొడుతుందే గాని, కణాన్ని చంపేది మందు కాదట. ప్రతి కణంలోనూ ఒక కాపలా జన్యువు ఉంటుంది. రాత ఇంతగా చెడిపోయింది, ఇక చచ్చిపో అని కణానికి ఆజ్ఞ ఇచ్చేది అదే. నా రకం గడ్డల్లో ఆ కాపలా సాధారణంగా భద్రంగా ఉంటుంది. అందుకే ఊపిరితిత్తులకు పాకినా మందుకు కరిగిపోతాయి. ఛాతీలో పుట్టినవాటిలో చాలాసార్లు ఆ కాపలానే చెడిపోయి ఉంటుంది. మందు వచ్చి దెబ్బ కొడుతుంది, కణం దెబ్బ తిని లేచి నిలబడుతుంది.

ఆమె చెప్పడం ముగించాక బయటికొచ్చి బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. ఈ మాట వినాల్సినవాడు నేను కాదు.

ఆయన శిల్పి. ఆళ్లగడ్డలో ఆ పనివాళ్ల ఇండ్లు చాలా ఉన్నాయి. నల్లరాతిలో దేవుళ్లను చెక్కి ఊరూరికీ పంపిస్తారు. నేను నంద్యాలలో క్రైస్తవుల బడిలో లెక్కల ఐవారిని. ఎనభైల మొదట్లో నంద్యాలలోనే ఒక డాక్టరు ఇంటి వసారాలో మేం మొదట కలుసుకున్నాం. ఎదురు బెంచీ మీద కూర్చున్న మనిషి ఒక కన్ను మూసి, బొటనవేలూ చూపుడువేలూ చాపి, దూరం నుంచే నా మొహం కొలుస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఐవారూ, నీ నొసలు రవ్వంత ఎక్కువుండాది. ముక్కు బాగుండాది కాబట్టి సరిపోయింది" అన్నాడు.

నేను ఐవారినని ఎట్లా తెలిసిందంటే, నా జేబు వైపు చూపించాడు. సుద్ద అంటుకొని ఉంది. తన గోళ్లలో రాతిపొడి చూపించి, ఇద్దరమూ పొడి మనుషులమే అని తన మాటకు తానే నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. చాలా నెలలుగా ఆ దగ్గేనట. రాతిపొడి దిగిందని కొందరు, క్షయ అని కొందరు చెప్పారు. క్షయ మందులు మింగి మింగి నోరు చేదెక్కింది గాని దగ్గు తగ్గలేదు. చివరికి నంద్యాల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఇది క్షయా కాదు, పొడీ కాదు అని తేల్చాడు. ఆ ఫిల్మ్‌ను శిల్పి వసారా వెలుతురుకు పట్టి నాకు చూపించాడు. ఛాతీ నడిమధ్య పిడికిలి కంటే పెద్ద తెల్లటి నీడ.

"బొమ్మ మొదలుపెట్టేముందు రాతి మీద నిట్టనిలువుగా ఒక గీత కొడతాం. బ్రహ్మసూత్రం అంటాం. సరిగ్గా దాని మీదే కూర్చున్నాది చూడు" అన్నాడు, పనితనం మెచ్చుకున్నట్టు.

నాకేమిటని అడిగాడు. నేను చెప్పలేదు. చెప్పుకునే చోటు కాదు. అమ్మకు చెప్పలేక, నాయనకు చెప్పలేక దాచుకున్న గడ్డ అది. అప్పటికే కడుపులోకీ, అక్కడి నుంచి ఊపిరితిత్తులకూ పాకింది. నా ఫిల్మ్ నిండా గవ్వలు చల్లినట్టు మచ్చలు. నేను తల వంచుకోవడం చూసి ఆయనే గ్రహించాడు. గొంతు తగ్గించకుండా, వసారాలో ఉన్న ఆడవాళ్లకు కూడా వినపడేటట్టు అన్నాడు: "దేవుని బొమ్మ చెక్కేటప్పుడు ఒంట్లో ఏ చోటా వదిలిపెట్టం. అన్నీ చెక్కుతాం. దేవునికి లేని సిగ్గు నీకేందీ?"

ఇద్దరినీ ఒకే చోటికి, మద్రాసులో క్యాన్సర్ ఆసుపత్రికి పంపిస్తున్నానని, తోడుగా పొమ్మని డాక్టరు చెప్పాడు. అట్లా మా ప్రయాణం కలిసింది. నేనూ మా నాయనా నంద్యాలలో బస్సెక్కాం. ఆయన ఆళ్లగడ్డలో భార్యతో ఎక్కాడు. ఎక్కగానే చేసిన మొదటి పని, కూర్చోబోయే సీటు చట్రాన్ని మధ్యవేలి కణుపుతో టకటకా కొట్టి, తల పక్కకు వాల్చి వినడం. అది ఆయన అలవాటు. తలుపు, కుండ, గోడ, గుమ్మడికాయ, ఏది కనపడినా కొట్టి వినేవాడు. పగులు ఉన్న రాయి బొంగురుగా పలుకుతుందట, మంచిది కంచులా మోగుతుందట. చాగలమర్రి దాటేలోపల జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి విప్పి మా నాయన చేతిలో పెట్టాడు. మా నాయన పాస్టరు కంటే ఎక్కువ ప్రార్థన చేసే మనిషి. కళ్లు మూసుకుంటే ఆయన ఓపిగ్గా ఆగి, ఆమెన్ అయ్యాక, "ఇంగ తింటామా పెద్దాయనా?" అన్నాడు. ఆ తరువాత మా నాయన ఆయనను కొడుకు లెక్కనే చూశాడు.

కడపలో రైలెక్కాం. నాకు చావు భయం. ఆయనకు మద్రాసులో సముద్రం చూడాలని ఉంది. "ఐతాదిలే ఐవారూ" అనేవాడు ఏది అడిగినా. బెడ్డు దొరుకుతుందా అంటే ఐతాదిలే. బతుకుతామా అంటే ఐతాదిలే.

ఆసుపత్రిలో మందు గురించి పెద్ద డాక్టరు మాకు చెప్పాడు. ఆయన తెలుగువాడే, మాట చాలా పొదుపు. కొత్త మందు అని, ప్లాటినం అనే లోహంతో తయారవుతుందని, ఈ జాతి గడ్డల మీద బాగా పనిచేస్తోందని చెప్పాడు. శిల్పికి ఆ మాట అమితంగా నచ్చింది. "లోహమా? అట్లయితే తెగుతాది" అన్నాడు. నాకు ఊపిరితిత్తుల నిండా పాకి ఉంది కాబట్టి గండమే అన్నట్టు చూసేవారు అందరూ. ఆయనది ఒకే చోట ఉంది, ఎక్కడికీ పాకలేదు. కాబట్టి ఆయన తొందరగా బాగవుతాడని వార్డులో అందరి నమ్మకం. ఆయన నమ్మకం కూడా. తన భరోసాలో కొంత తీసి నాకు పంచిపెడుతూ ఉండేవాడు.

ఆ మందు ఎక్కించుకున్నవాళ్లకే తెలుసు ఆ వాంతులు. పేగులు బయటికొస్తాయేమో అనిపించేది. వాంతి చేసుకొని, నోరు కడుక్కొని, ఆయన నా మంచం దగ్గరికి సెలైన్ సీసా వేలాడే కడ్డీని దొర్లించుకుంటూ వచ్చేవాడు. "లోపల వానికి మనకంటే ఎక్కువ బాధగా ఉంటాదిలే. ఓర్చుకో" అనేవాడు. ఎక్కించని రోజుల్లో కుదురుగా ఉండేవాడు కాదు. మంచాన్ని కిటికీ దగ్గరికి తానే జరుపుకున్నాడు. స్నానపు సబ్బు మీద స్పూను కాడతో చెక్కి నర్సమ్మల మొహాలు చేసి వాళ్లకే ఇచ్చాడు. ఒకామె తన ముక్కు అంత లావు లేదని అలిగింది. "అమ్మా, సబ్బు అరిగేకొద్దీ సన్నబడతాది" అన్నాడు.

జుట్టు రాలింది. కనుబొమలు కూడా పోయాయి. అద్దంలో చూసుకొని నేను మొహం దాచుకుంటే, ఆయన వచ్చి నా తల మీద అరచేయి ఆనించి చుట్టూ తడిమాడు. తల ఆకారం ఇంత బాగున్నవాడు జుట్టు పెంచుకోవడమే తప్పన్నాడు.

కొన్ని నెలలకు నా ఫిల్మ్‌లో గవ్వలు ఒకటొకటే మాయమయ్యాయి. ఆయన ఛాతీ నీడ కూడా మొదట సగానికి సగం తగ్గింది. ఆరోజు భార్యను తీసుకొని మెరీనాకు పోయి సముద్రం చూసొచ్చాడు. తరువాతి ఫిల్మ్‌లో నీడ మళ్లీ పెరిగింది. ఇంకో మందు కలిపారు. పెరగడం ఆగలేదు. ఈసారి కాలేయంలోనూ మచ్చలు తేలాయి. ఎక్కడికీ పాకలేదనుకున్నది ఇప్పుడు పాకింది.

పెద్ద డాక్టరు ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు నేను పక్క మంచం మీదే ఉన్నాను. డాక్టరు చెప్పింది మొత్తం విని, ఆయన నా వైపు చేయి చూపించాడు.

"ఒక మాట అడుగుతా సార్. ఈ ఐవారికి ఎక్కించిందీ, నాకు ఎక్కించిందీ ఒకే మందు. ఈయప్పకు ఒళ్లంతా ఉన్నింది, పోయింది. నాకు ఒక్క చోటే ఉన్నింది, పోలేదు. ఎందుకు?"

"నాకు తెలీదు. ప్రపంచంలో ఎవరికీ తెలీదు" అన్నాడు డాక్టరు.

నేను భయపడ్డాను, శిల్పి ఏమంటాడో అని. ఆయన మొహం వికసించింది. దగ్గు మొదలైనప్పటి నుంచి ఎంతోమంది దగ్గరికి తిరిగాడు, ప్రతివాడూ ఏదో ఒకటి తెలిసినట్టే చెప్పాడట. "తెలీదని చెప్పినోడివి నువ్వొక్కనివే సార్" అన్నాడు. కాసేపటికి మళ్లీ అడిగాడు, తెలుసుకోవాలంటే ఏం చేయాలి అని. మందుకు లొంగని ఈ గడ్డలోంచి ముక్క తీసి దాచిపెట్టుకుంటే, ఇప్పుడు కాకపోయినా ఎప్పటికైనా ఎవరైనా చూసి చెప్పవచ్చునన్నాడు డాక్టరు. దానివల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు, నొప్పి మాత్రం ఉంటుందని కూడా చెప్పాడు.

"తీసుకో. ఉలిలో లోపం లేదు, రాయే వేరే రకం. ఏం రాయో చూడండి" అన్నాడు. ఆయన భార్య ఏడ్చింది. ముక్క తీసిన మరునాడు ఇద్దరూ ఆళ్లగడ్డకు వెళ్లిపోయారు.

నేను బాగై బడికి తిరిగి వచ్చాను. మొదట్లో తరచుగా మద్రాసుకు పోయి ఛాతీ ఫిల్మ్ తీయించుకోవాలి. వచ్చేటప్పుడు ఆళ్లగడ్డలో దిగి ఆ ఫిల్మ్ తనకు చూపించి పొమ్మని ఆయన ఆజ్ఞ. చూపించకపోతే నంద్యాలకు వస్తానని బెదిరింపు. పనిసాలలో రాళ్ల మధ్య కూర్చొని, నా ఛాతీని ఎండకు పట్టుకొని, మూలమూలా వెతికేవాడు. ఏమీ లేకపోతే భార్యను పిలిచి, "చూడు, నీళ్లమాదిరి ఉండాది" అని చూపించేవాడు. ఆమె నన్ను చూసి నవ్వాలని ప్రయత్నం చేసేది. నాకే ఆ ఇంట్లో కూర్చోవడం కష్టంగా ఉండేది. ఆయనకు ఏ కష్టమూ లేదు. అప్పటికి బరువైన సుత్తి ఎత్తలేడు. తమ్ముడి చేత రాయి కొట్టించి, సన్నపని తాను చేసేవాడు. ఊపిరి అందకపోతే ఉలి కింద పెట్టి, అందగానే తీసుకొనేవాడు.

ఆ రోజుల్లోనే మా బడిలో పనిచేసే ఒక టీచరు సంబంధం నాకు వచ్చింది. వెలుగోడు వాళ్లది. తండ్రి కూడా ఐవారే. ఆ అమ్మాయి అంటే నాకు ఇష్టం. అయినా వద్దన్నాను, కారణం చెప్పలేదు. జబ్బు తిరిగొస్తుందేమోనని ఒక భయం, పిల్లలు పుట్టరేమోనని ఒక భయం. ఇవి నోటితో చెప్పుకోవడం మూడో భయం. ఒకసారి ఫిల్మ్ చూపించడానికి పోయినప్పుడు శిల్పికి మాత్రం చెప్పాను. ఆ ఫిల్మ్ తన దగ్గరే ఉంచి పొమ్మన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ఆ తరువాతి సోమవారం ఆ అమ్మాయి బడిలో నేరుగా నా తరగతి దగ్గరికి వచ్చింది. పిల్లలకు లెక్క ఇచ్చి బయటికి రమ్మంది. నిన్న మీ ఆళ్లగడ్డ ఆయన మా ఇంటికొచ్చినాడని చెప్పింది. ఆమె చెప్పినంతవరకూ జరిగింది ఇది.

ఆయన బస్సులు మారి వెలుగోడు చేరి, ఇల్లు వెతుక్కొని, అరుగు మీద కూర్చొని, ఊపిరి నిలదొక్కుకొని, మజ్జిగ అడిగి తాగాడు. సంచిలోంచి రెండు ఫిల్ములు తీశాడు. ఒకటి తనది, ఒకటి నాది. రెంటినీ వాకిలి వెలుతురుకు పట్టుకొని ఆమె తండ్రికి చూపించాడు. "ఇది నాది, ఇది ఐవారిది. ఇద్దరికీ ఒకే జాతి జబ్బు, ఒకే మందు. నాది తగ్గలేదు, నేను పోతా. ఐవారిది తగ్గింది, ఉంటాడు. తగ్గనోడు ఎట్లుంటాడో నన్ను చూడండి, తగ్గినోడు ఎట్లుంటాడో ఆయప్పను చూడండి. ఇంతకంటే సాక్ష్యం యాడ దొరుకుతాది మీకు?" అన్నాడట.

ఆమె తండ్రి ఆలోచించి, పిల్లల సంగతి అడిగాడు. పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు, ఆ మాట డాక్టరుకే తెలీదు, తెలియంది తెలుసని చెప్పడానికి నేను ఇంతదూరం రాలేదు అన్నాడట శిల్పి.

అప్పటిదాకా తలుపు వెనక ఉన్న ఆ అమ్మాయి బయటికి వచ్చి, "మీకెట్లుంది అన్నా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు మాత్రం ఆయన తయారుగా రాలేదు. కాసేపు మజ్జిగ గ్లాసు వైపు చూశాడట. "రాత్రిపూట పడుకోలేకుండా ఉండానమ్మా. గోడకు ఆనుకొని కూర్చుంటా" అని, మళ్లీ గొంతు సవరించుకొని, "అయినా చేతిలో పని ఉండాది, ఐతాదిలే" అన్నాడట.

ఇదంతా నాకు చెప్పి, ఆ అమ్మాయి ఒకే మాట అడిగింది. ఆయనకు చెప్పగలిగింది నాకెందుకు చెప్పలేదు అని. లోపల పిల్లలు అల్లరి మొదలుపెట్టారు. ఆమె నాకంటే ముందు తరగతిలోకి పోయి వాళ్లను కూర్చోబెట్టింది. ఆ వేసవికే మా పెళ్లి జరిగింది.

పెళ్లికి ఆయన తెల్లచొక్కా వేసుకొని చర్చిలో ముందు వరసలో కూర్చున్నాడు. పాటలకు అందరూ లేచినప్పుడు తానూ లేచాడు. మా నాయన కూర్చోమని సైగ చేసినా వినలేదు. పాస్టరు ప్రసంగం పొడుగైనప్పుడు, ఆయన ఒక కన్ను మూసి వేళ్లు చాపి పాస్టరు మొహం కొలవడం నేను చూశాను. నా భార్య కూడా చూసింది. ప్రమాణం చెప్పాల్సిన సమయంలో ఇద్దరమూ నవ్వు ఆపుకోలేక పోయాం. మా పెళ్లి ఫోటోలో ఆ నవ్వు అట్లాగే పడింది.

ఆయన అనుకున్నదానికంటే ఎక్కువ కాలమే నిలిచాడు. చివరిసారి చూసినప్పుడు పనిసాలలో కాదు, నడవలో మంచం మీద, వెనక దిండ్లు ఎత్తుగా పెట్టుకొని ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. చేతులు మాత్రం పనివాడి చేతులే. నేనూ నా భార్యా పోయింది ఒక కబురు చెప్పడానికి. ఆమెకు నెల తప్పింది. ఆ మాట ఆమే చెప్పింది.

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయి, దగ్గు తెరిపి ఇవ్వక, భార్య వచ్చి వీపు నిమిరేదాకా ఆగలేదు. ఆగాక బెల్లం తెమ్మని ఆమెకు చెప్పి, మా ఇద్దరి చేతుల్లోనూ తానే పెట్టాడు.

"పెద్ద డాక్టరుకు చెప్పు ఐవారూ. తెలీదన్నవాట్లో ఒకటి తెలిసిందని చెప్పు. నా మాటగా చెప్పు" అన్నాడు.

చెప్తానన్నాను. బస్సు వేళయిందని ఆయనే మమ్మల్ని తొందర పెట్టి పంపించాడు. నా భార్యను బస్సులో వెనక సీటులో కూర్చోనివ్వొద్దని నడవలోంచే కేకేశాడు. ఆ నెలలోనే పోయాడు. కబురు అందేసరికి అంతా అయిపోయింది. నేను పోయి ఆయన తమ్ముడి పక్కన కూర్చొని వచ్చాను.

తరువాత మద్రాసుకు పోయినప్పుడు పెద్ద డాక్టరుకు రెండు సంగతులూ చెప్పాను. ముందు ఆయన పోయిన సంగతి, తరువాత ఆయన పంపించిన మాట. డాక్టరు రాస్తున్న కలం పక్కన పెట్టాడు. బయట నర్సు ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది.

"ఆయన ఇచ్చిన ముక్క మా దగ్గరే ఉంది" అన్నాడు. "అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. ఇంకా ఏమీ తెలియలేదు."

తరువాత నన్ను చొక్కా విప్పమని, స్టెతస్కోపు ఛాతీకి ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. పీల్చాను.